పొగాకు తినే ఎలకలు

నవంబరు 18, సోమవారం

ఈ డైరీ ఇన్సూరెన్స్ ఆఫీసు వాళ్ళు జనవరిలో ఏజెంట్లందరికీ ఇచ్చింది. ఇన్నాళ్ళూ ఫ్రిజ్ మీద పడుంది. ఈరోజు దుమ్ము దులిపి తీశాను. ఎవరితోనైనా చెప్పుకోవాలి. చెప్పుకోడానికి ఇంట్లో ఎవరూ లేరు. మావారితో ఈ మాట ఎత్తితే టీవీ సౌండు పెంచుతున్నారు. అత్తతో ఎత్తడానికి లేదు, సంగతి ఆవిడదే.

శనివారం అత్తని విజయనగరంలో పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పన్ను నొప్పి అంది. ఆయన పన్ను చూడడం మానేసి అంగిలి మీద టార్చి వేసి ఉండిపోయాడు. తెల్లమచ్చ ఉందట. మధ్యలో కొంచెం ఎర్రగా ఉందట. "చుట్ట కాలుస్తారా?" అన్నాడు. "అడ్డపొగండి" అన్నారు మావారు నేల చూస్తూ. డాక్టరు కుర్రాడు, ఎక్కడి నుంచి వచ్చాడో, అర్థం కాలేదు. అత్తే చెప్పింది.

"నిప్పు నోట్లోకెట్టుకుని కాలుస్తాం బాబూ. మా యమ్మా అలాగే, మా యమ్మమ్మా అలాగే. నాట్లేసినప్పుడు వానొచ్చినా ఆరిపోదు."

ఏదో కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పింది. డాక్టరు నవ్వలేదు. విశాఖలో పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. అంగిట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. ఈ నెల ఇరవై ఏడు, బుధవారం.

శృంగవరపుకోట చుట్టుపక్కల సగం ఊళ్ళకి కారేసుకుని వెళ్ళి, "మనిషి ప్రాణం ఎప్పుడెలా ఉంటుందో చెప్పలేం కదమ్మా, ముందు జాగ్రత్త మంచిది" అని నవ్వుతూ పాలసీలు కట్టించేదాన్ని నేను. కాబట్టి నాకేం భయం లేదు. మచ్చ అంటే మచ్చే.

నవంబరు 20, బుధవారం

ఇంట్లో పొగాకు బంద్. అటక మీద దొరికింది, దిండు గలీబులో దొరికింది, చింతపండు జాడీలో దొరికింది, దేవుడి గూట్లో పసుపు డబ్బా వెనక కూడా దొరికింది. అన్నీ పోగేసి పెంటలో పడేశాను. కొట్టువాడికి చెప్పాను. గేదెలు కాసే గంగులు అత్తకి పొగాకు నేస్తం. వాడికి గట్టిగా చెప్పాను. ఒక్క ఆకు ఇచ్చావంటే నా అంత చెడ్డది ఉండదన్నాను.

అత్త రుసరుసలాడింది. "నా నోరు, నా నిప్పు, నీకేటే బాధ?"

"బుధవారం విశాఖ వెళ్తున్నాం అత్తా."

"బస్సెక్కను. బస్సెక్కితే పేగులు నోట్లోకొచ్చేస్తాయి."

"కారులోనే."

"నువ్వు తోల్తేనే వస్తాను. మావోడు తోల్తే రాను. ఆడు గతుకులన్నీ ఏరుకుని తోల్తాడు."

పోనీ, వస్తానంది. అదే చాలు. కారు మాత్రం నాలుగు రోజులుగా పొద్దున్నపూట మొరాయిస్తోంది.

నవంబరు 23, శనివారం

తాళం తిప్పితే ఇంజిన్ లేస్తుంది. లేచి ఒణుకుతుంది. స్టీరింగు, సీటు, పక్కన పెట్టిన నా బ్యాగు అన్నీ ఒణుకుతాయి. తర్వాత చప్పున ఆగిపోతుంది. ఏక్సిలరేటరు తొక్కి పట్టుకుంటే నిలబడుతుంది, కాలు తీస్తే మళ్ళీ అదే ఒణుకు. కాసేపు తిరిగాక పర్వాలేదు.

మావారు బ్యాటరీ అన్నారు. ఆయనకి ఎరువుల కొట్టు తప్ప ప్రపంచంలో తెలిసింది బ్యాటరీ ఒక్కటే. ఫోన్ పాడైనా బ్యాటరీయే, గోడ గడియారం ఆగినా బ్యాటరీయే. వేణ్ణీళ్ళు పోసి బ్యాటరీ బిరడాలు తోమారు. బిరడాలు తళతళలాడుతున్నాయి. కారు ఒణుకుతూనే ఉంది.

నవంబరు 27, బుధవారం

వెళ్ళలేదు.

పొద్దున్నే తయారయ్యాం. అత్త నీలం చీర కట్టుకుని, పైడితల్లి పటానికి దండం పెట్టుకుని, కుడికాలు ముందు పెట్టి కారెక్కింది. మావారు వెనక సీట్లో ఫైలు, దుప్పటి, మజ్జిగ సీసా పట్టుకుని కూర్చున్నారు. తాళం తిప్పాను. లేచింది, ఒణికింది, గేటు దాకా వచ్చి ఆగింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆగింది. అత్త తలుపు తీసేసింది.

"ఎక్కడికత్తా?"

"దిగిపోతన్నాను. బయల్దేరినప్పుడు బండి ఎదురు సెప్పినాది. ఎల్లకూడదు."

"అది ఎదురు చెప్పడం కాదత్తా. ఇంజిన్లో ఏదో అడ్డం పడుంటుంది."

"ఇంజిన్తో సెప్పించీది అమ్మవారే."

కాళ్ళు కడుక్కుని, గ్లాసుడు నీళ్ళు తాగి అరుగు మీద కూర్చుంది. శకునం బాగోకపోతే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరొచ్చని ఆవిడే కదా మాకందరికీ నేర్పింది. ఆ మాటే గుర్తుచేశాను.

"అది పిల్లి ఎదురొస్తే. బండి ఆగితే ఆ పయనం లేదు. మీ మావ బొబ్బిలి పెళ్ళికెళ్ళిన నాడు జీపు గుమ్మంలో ఆగిపోనేదా? తోసి తోసి తోలుకెళ్ళినారు. ఇంటికెలా వొచ్చినాడు?"

మామగారు ఆ పెళ్ళి పందిట్లోనే గుండె ఆగి పోయారు.

మావారు మజ్జిగ సీసా పట్టుకుని వెనక సీట్లో అలాగే కూర్చున్నారు, దిగమని ఎవరూ చెప్పలేదని కాబోలు. ఆయన మీద కూడా అరిచాను. పాపం, ఆయన తప్పేం లేదు.

మళ్ళీ తేదీ తీసుకోవాలి. ఆ రోజు బండి ఒక్క తిప్పుకి లేవాలి, గేటు దాటేదాకా ఆగకూడదు. అది జరిగితే చాలు, అత్త వస్తుంది. ఆగిందా, ఇక ఆవిణ్ణి దేవుడు కూడా ఎక్కించలేడు.

నవంబరు 28, గురువారం

డిసెంబరు 18కి ఇచ్చారు. అంతకుముందు ఖాళీ లేదట. ఈ లోపల ఏం కాదులే.

నవంబరు 30, శనివారం

కారుని అరకు రోడ్డులో మెకానిక్ ఏసుదానం షెడ్డుకి తీసుకెళ్ళాను. రేపు ఆదివారం, చర్చి మానడు, షెడ్డు తియ్యడు. అందుకని పాలసీ పనులన్నీ పక్కన పెట్టి ఈరోజే వెళ్ళాను.

ప్లగ్గులు తీసి తుడిచాడు. ఏదో స్ప్రే కొట్టాడు. చివరికి ఇంజిన్ గాలి పీల్చుకునే నల్ల డబ్బా మూత విప్పి, "ఓలమ్మ! ఇదేటిది, పురిటిల్లు ఎట్టేసినాయి!" అన్నాడు. డబ్బా నిండా గడ్డి, ఊక, వరి కంకులు, అత్త పాత లంగా పీలికలు. మధ్యలో మెత్తగా గుంట. ఎలకలు కాపురం పెట్టాయి.

తప్పు మాదే. పంట ఇంటికొచ్చాక ధాన్యం బస్తాలు కారు షెడ్డులోనే వేశాం. ధాన్యం పక్కనే వెచ్చగా ఇంజిన్ ఉంటే ఏ ఎలక మాత్రం వదులుకుంటుంది?

"దీనికి ఊపిరాడక గదమ్మా ఆగిపోతన్నాది. ఇంక ఆగదు. గానీ ఎలకలు మళ్ళా వస్తాయి. పొగాకు కట్టండి. ఆ ఘాటుకి దగ్గరికి రావు. నా బండిలో అదే."

"పొగాకా?" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. పక్క లారీ కింద పడుకుని పని చేస్తున్న మనిషి తల బయటికి పెట్టి చూశాడు.

డిసెంబరు 2, సోమవారం

పొగాకు కొన్నాను. ముదురాకు, బాగా ఘాటైనది ఇమ్మన్నాను. అమ్మే ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "అలవాటెప్పుడైనాదమ్మా?" అంది. ఎలకలకి అన్నాను. నమ్మలేదు. అందరూ అలాగే చెప్తారు కాబోలు.

పాత చీర చింపి చిన్న చిన్న మూటలు కట్టి ఇంజిన్ చుట్టూ వేలాడదీశాను. అత్త వచ్చి పక్కన నిలబడింది.

"ఏటే అవి?"

"ఎలకల మందత్తా."

"మంచి ఆకేనా తెచ్చినావు?"

"అత్తా!"

"ఎలకల కోసమేనే అడిగింది."

ఆవిడ ముందు అది కట్టడం తప్పేమో అనిపించింది. కానీ ఎలకల దగ్గర్నుంచి తీసుకునేంత దిగజారదులే మనిషి. పైగా ముభావంగా లేదు, అన్నీ అడిగి తెలుసుకుంది. ఈ మూత ఎలా లేస్తుంది, ఆ గొట్టం ఎందుకు, ఈ డబ్బా ఏమిటి అని. స్టీరింగు కింద మీట లాగితే మూత లేస్తుందని చూపించాను. ఆ వయసులో కొత్త సంగతులు తెలుసుకోవాలనే సరదా మెచ్చుకోవాలి.

డిసెంబరు 3, మంగళవారం

ఒక్క తిప్పుకి లేచింది. ఒణుకు లేదు. ఏసుదానం నోట్లో పంచదార పొయ్యాలి.

డిసెంబరు 6, శుక్రవారం

బండి బాగుంది. అత్త ఇంకా బాగుంది. మొదటి వారం కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. చారులో ఉప్పు ఎక్కువైతే నన్ను తిట్టింది, తక్కువైతే వాళ్ళబ్బాయిని తిట్టింది. ఇప్పుడు చూస్తే వంకాయలు తరుగుతూ కూనిరాగం తీస్తోంది. నిన్న మార్గశిర గురువారమని తనే పొద్దున్నే లేచి గుమ్మాలకి పసుపు రాసింది. పొగాకు మానేస్తే మనిషి ఇంత తేలికపడుతుందా! ఎన్నడూ లేనిది నన్ను "నాయమ్మే" అని పిలిచింది. చాలా సంతోషంగా ఉంది నాకు.

మూటలు చూశాను. రెండు ఖాళీ. ఉత్త గుడ్డ వేలాడుతోంది. ఎలకలు పొగాకు తింటాయా?

డిసెంబరు 9, సోమవారం

అన్నీ ఖాళీ. ఏసుదానానికి ఫోన్ చేస్తే, "పొగాకు తినీ ఎలకల్ని నాను సూడనేదమ్మా" అన్నాడు. భోజనాల దగ్గర మావారితో చెప్పాను.

"మన శృంగవరపుకోట ఎలకలు గదా," అన్నారు. "ఆటికీ అడ్డపొగ అలవాటైపోయుంటాది."

ఈ నెలలో ఆయన నవ్వడం ఇదే మొదలు. నేనూ నవ్వాను. అత్త అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వి, తినడం సగంలో ఆపేసి లేచి వెళ్ళిపోయింది. అందరం అలా నవ్వుకుని ఎన్నాళ్ళైందో.

మళ్ళీ వెళ్ళి ఇంకా ఎక్కువ కొన్నాను. ఆకు కూడా ఇంకా ఘాటైనది. అమ్మే ఆవిడ ఈసారి ఏమీ అడగలేదు, పాత ఖాతాదారుని చూసినట్టు నవ్వి తూచింది.

పొగాకు వాసన నా చేతుల్ని వదలట్లేదు. పెరట్లోకి వెళ్తే, నూతి వెనక్కి వెళ్తే అదే వాసన. షెడ్డులో కట్టింది గాలికి అంత దూరం వస్తోంది.

డిసెంబరు 11, బుధవారం

మళ్ళీ ఒణుకు. మళ్ళీ ఆగడం.

ఏసుదానం దగ్గరికి పరిగెత్తాను. నల్ల డబ్బా శుభ్రంగా ఉంది. ప్లగ్గులు బాగున్నాయి. వైర్లు బాగున్నాయి. పెట్రోలు తేడా అయ్యుంటుందన్నాడు, ట్యాంకు ఖాళీ చేయించాడు, వేరే పెట్రోలు పోయించాను. వచ్చేటప్పుడు రోడ్డు మీద బాగానే ఉంది. ఇంటి గేటులో కాలు తీశానో లేదో, చచ్చినట్టు ఆగింది. అత్త అరుగు మీద నుంచి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఇంకో వారమే ఉంది. టాక్సీ మాట ఎత్తాను. "ఎవుడో తోల్తే నానెక్కను" అంది. ఇది పంతం కాదు, భయమని మావారు అంటారు. పెద్దవాళ్ళకి అలాగే ఉంటుంది. నాకు మాత్రం భయం లేదు, బండి బాగయితే చాలు.

డిసెంబరు 13, శుక్రవారం

రైలు గేటు దగ్గర బండి ఆగింది. ఏం కాలేదు. అత్తకి చెప్పొద్దని గంగులికి చెప్పాను.

డిసెంబరు 14, శనివారం

నిన్న సరిగ్గా రాయలేదు. రాయబుద్ధి కాలేదు.

గేటు దగ్గర కాదు, పట్టాల మీద. ముందు ఎడ్లబండి వెళ్తోంది, మెల్లగా పోనివ్వాలని క్లచ్ తొక్కాను. అంతే, ఆగిపోయింది. తిప్పాను, లేవలేదు. మళ్ళీ తిప్పాను. గేటు మనిషి ఈల ఊదుతున్నాడు, చెయ్యి ఊపుతున్నాడు. దిగి పారిపోవాలని తోచలేదు. తిప్పుతూనే ఉన్నాను. గంగులు గేదెల్ని వదిలేసి పరిగెత్తుకొచ్చి వెనక నుంచి తోశాడు. "బిరేకు తియ్యమ్మా, బిరేకు తియ్యి!" అని అరుస్తున్నాడు. నేను బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుని మరీ కూర్చున్నాను.

ఎప్పుడు కాలు తీశానో తెలియదు, బండి ఇవతలికి వచ్చాక గేటు పడింది. ఇనుపరాయి మోసుకుంటూ గూడ్సు వెళ్ళింది. అది వెళ్తున్నంతసేపూ గంగులు నా కారు వెనక నిలబడే ఉన్నాడు, తోస్తున్నట్టే చేతులు ఆనించుకుని.

డిసెంబరు 16, సోమవారం

ఈరోజు జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున్నే షెడ్డులో మూత ఎత్తి, ఇంజిన్ ఆన్ చేసి చూస్తున్నాను. ఏక్సిలరేటరు మీద ఇటుకరాయి పెట్టాను, ఆగకుండా. ఒణుకుతోంది. ఎక్కడి నుంచో 'స్స్' అని సన్న చప్పుడు. ఎక్కడి నుంచో తెలియట్లేదు. అత్త వచ్చి నా వెనక నిలబడింది.

"గంగులు సెప్పినాడు" అంది.

నేను ఇంజిన్ మీదికి ఇంకాస్త వంగాను.

"పట్టాల మీదంట గదే."

"ఏం కాలేదత్తా."

"ఏటైనా అయితే ఏటయ్యేది?"

తర్వాత ఇటు తిరిగి వచ్చి, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, చూడకుండానే ఇంజిన్ వెనక్కి ఎడమపక్క చెయ్యి పెట్టింది. సొంత వంటింట్లో ఉప్పు డబ్బా తీసుకున్నట్టు సరిగ్గా అక్కడికే వెళ్ళింది చెయ్యి.

"ఇదిగో. సన్న గొట్టం. అడుగుపక్క కొరికేసినాది. పైనుంచి సూస్తే అగుపడదు."

సెల్లు లైటు వేసి వంగి చూశాను. వేలు మందం రబ్బరు గొట్టం, కింద వైపు చిల్లు. దాని మీద నా వేలు పెట్టి మూశాను. 'స్స్' మని చప్పుడు ఆగింది. ఒణుకు ఆగింది. ఇంజిన్ ఒక్కసారిగా నెమ్మదించి హాయిగా తిరగసాగింది. వేలు తీశాను, ఒణికింది. మళ్ళీ పెట్టాను, నెమ్మదించింది. ఏసుదానం అంత వెతికినా దొరకనిది, నేను ఇన్నాళ్ళు చుట్టూ తిరిగి దొరకనిది.

"నీకెలా తెలుసత్తా?"

అత్త రొంటిన దోపుకున్న ఆకు తీసి కారు మీద పెట్టింది. సగం చుట్టిన చుట్ట. నేను కొన్న ముదురాకు.

"నువ్వు కట్టినవన్నీ నానే తీసినాను. ఎలకలు కాదు."

నాకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. కూనిరాగాలు, నాయమ్మే, నూతి వెనక వాసన.

"పొగాకు నేకపోతే ఎలక రాదేటి? వొచ్చినాది. కూకుని కొరుకుతంటే సూసినాను. తోలేసినాను గానీ అప్పటికే కొరికేసినాది."

"చూసి కూడా చెప్పలేదా?"

"సెప్తే మూత నానెందుకెత్తినానో సెప్పాల గదా." కారు మీది చుట్టని అటూ ఇటూ దొర్లించింది. "సెప్తే బండి బాగయిపోద్ది. బాగయితే ఆసుపత్రికెల్లాల."

కోపం ఎంత వచ్చిందంటే, చేతికందిన స్పానరు నేలకేసి కొట్టాను. ఆ చప్పుడుకి బస్తాల వెనక నుంచి ఎలక ఒకటి పరిగెత్తింది, అదే అయ్యుంటుంది. నేను ఆవిణ్ణి అనకూడని మాటలన్నాను. పట్టాల మీద నా పని అయిపోయి ఉంటే ఆసుపత్రి తప్పేదా నీకు అన్నాను.

"నువ్వు పట్టాల మీద ఆగిపోతావని నాననుకోనేదే" అని అత్త ఏడ్చింది. ఏడుస్తూనే నన్ను తిట్టింది. బస్సులుండగా ఆడదానికి కారెందుకంది, గేటు మూసేవేళ పట్టాల మీదికి పొమ్మన్నదెవరంది, నేను పోతే తనకి అన్నం ఎవరు పెడతారంది. తిట్టినంతసేపూ నా చెయ్యి పట్టుకునే ఉంది. ఇద్దరం ఇంజిన్ చప్పుడులో అరుచుకుంటున్నామని, అది ఆపొచ్చని చాలాసేపటికి గుర్తొచ్చింది.

ఇల్లంతా గాలించి పొగాకు పారేసింది నేనే. మంచి ఘాటైన ఆకు ఏరి కొని, మూటలు కట్టి, చేతికందేలా వేలాడదీసిందీ నేనే. మూత ఎలా ఎత్తాలో కూడా నేర్పించాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది. పొద్దున్న రాలేదు.

డిసెంబరు 17, మంగళవారం

ఏసుదానం కొత్త గొట్టం వేసి, దానికి సన్న ఇనుపజాలీ చుట్టాడు. "ఎలా పట్టుకున్నారమ్మా?" అంటే మా అత్త పట్టుకుందన్నాను. మిగతాది చెప్పలేదు. ఇంటి గుట్టు.

మావారు కొట్టు కట్టేసి వచ్చి బస్తాలన్నీ ముందుగదిలోకి మోయించారు. ఇప్పుడు సోఫా ఎక్కడుందో వెతుక్కోవాలి. కారులో పొగాకు బదులు కలరా ఉండలు కట్టాను. అత్త చూసి, "అవి నాను కాల్సనులే, బయపడకు" అంది.

పదిసార్లు తిప్పి చూశాను. పదిసార్లూ లేచింది. రేపు ఒక్కసారి లేస్తే చాలు.

డిసెంబరు 18, బుధవారం

అత్త అదే నీలం చీర. దండం, కుడికాలు, అన్నీ సరిగ్గా జరిగాయి. మావారు వెనక సీట్లో. నేను తాళం తిప్పాను. కారు ఎగిరిపడి, దబ్బున ఆగింది.

కంగారులో గేరు తియ్యకుండా తిప్పాను. ఇన్నేళ్ళుగా తోలుతున్నాను, లైసెన్సు తీసుకున్న రోజు కూడా ఆ తప్పు చెయ్యలేదు.

అద్దంలో మావారు కళ్ళు మూసుకున్నారు. అత్త చెయ్యి తలుపు పిడి మీద ఉంది. నేను ఆ చేతినే చూస్తున్నాను. అయిపోయింది అనుకున్నాను. ఇంత చేసీ, నా చేత్తో నేనే పాడుచేశాను.

"ఇంకోపాలి తిప్పవే" అంది అత్త.

"అత్తా, ఆగింది."

"సూసినాను. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఆ గేరేదో తీసి తిప్పు."

"ఎదురు చెప్పింది కదా మరి?"

"సెప్పనీ."

పిడి మీద నుంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఆ రెండో చేత్తో దాన్ని గట్టిగా పట్టుకుంది. నేను గేరు తీసి తిప్పాను. గేటు దాటాం.

ఆసుపత్రిలో తన పేరు పిలవగానే నన్ను రావద్దంది, ఒక్కతే లోపలికి వెళ్ళింది. ముక్క తీశారు. నోట్లో దూది పెట్టి పంపారు. వచ్చేటప్పుడు కొత్తవలస దాకా సైగలతోనే నన్ను తిట్టింది, లారీల వెనక మరీ దగ్గరగా వెళ్తున్నానని. ఆవిడ గొంతు వినబడని ప్రయాణం నా పెళ్ళయ్యాక ఇదే మొదటిది. అస్సలు బాగాలేదు.

డిసెంబరు 23, సోమవారం

ఫోన్ రాలేదు.

నాకు భయం లేదు అని రాయబోయి కలం ఆపాను. భయంగా ఉంది. మొదటి రోజు నుంచీ భయంగానే ఉంది. పొద్దున్నే ఆవిడ దగ్గు వినబడేదాకా నేను మంచం దిగట్లేదు.

డిసెంబరు 25, బుధవారం

ఏసుదానం ఇంటి నుంచి కేకు వచ్చింది. నోరు మండుతుందని అత్త మెత్తటి లోపలి భాగం మాత్రం తిని, పైదంతా నాకు పెట్టింది. పొగాకు అడగట్లేదు. వక్కపలుకు బుగ్గన పెట్టుకోబోతే అదీ కుదరదన్నాను. సోంపు నములుతోంది, ముఖం చిట్లించుకుని. "మేకలు తినీది" అంటోంది.

డిసెంబరు 30, సోమవారం

కాన్సరు కాదు.

ముందు అది రాసుకుని, ఒకసారి చదువుకుని, అప్పుడు మిగతాది రాస్తున్నాను.

లేడీ డాక్టరు. కాగితం చూసి తెలుగులో విడమరిచి చెప్పింది. ఇప్పటికి చెడ్డది కాదు, కానీ ఇలాగే కాలిస్తే చెడ్డదిగా మారే రకం. మానేస్తే మచ్చ తగ్గొచ్చు. మూడు నెలలకోసారి తీసుకొచ్చి చూపించాలి. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అంది. నేను అత్త వైపు చూడలేదు.

"మానేశారా మామ్మా?" అంది డాక్టరు.

"నెల్లాళ్ళ కిందటే మానేసినానని మా కోడలు అనుకున్నాది," అంది అత్త. "మానేసింది మాత్రం మొన్నమొన్ననే. మద్దెన ఎలకల మీద ఎట్టేసినాను."

డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు. మావారు వరండాలోకి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చేతిలో ఎవరూ అడగని కొబ్బరిబొండాలు ఉన్నాయి.

ఆయన్ని మందులకి పంపించి మేమిద్దరం కారు దగ్గరికి వచ్చాం. కూర్చుని తాళం పెట్టాను గానీ తిప్పలేకపోయాను. స్టీరింగు మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎంతసేపో తెలియదు. పక్క కారువాళ్ళు ఎవరో పోయారనుకుని మాటలు తగ్గించారు.

"ఏటే, బాగున్నాదన్నారు గదా? ఇప్పుడేడుస్తావేటి?"

"భయమేసిందత్తా. చాలా భయమేసింది."

"నాకూ ఏసినాది."

"మరి ఒక్కరోజైనా చెప్పలేదేం?"

కొంగుతో నా ముఖం తుడిచింది. తర్వాత తన ముఖం తుడుచుకుంది.

"సెప్తే నువ్వు బండి తోల్లేవే."